బాక్సు కట్టిన వివరణ

మా ఆయన దగ్గర ఒక స్టీలు స్కేలు ఉండేది. పేపరాఫీసులో సిటీ పేజీకి ఇన్‌ఛార్జి ఆయన. పేజీలు కంప్యూటర్లో కట్టడం మొదలై అప్పటికి చాలా ఏళ్లయింది. అయినా మా జోగారావుగారు మాత్రం కాగితం మీద ప్రింటు తీయించి, స్కేలు పెట్టి కొలిచి గానీ సంతకం చేసేవారు కాదు. ఎవరి మీదైనా ఆరోపణ వస్తే అది ఎంత పొడుగు ఉందో అవతలి వాళ్ల వివరణ కూడా అంతే పొడుగు రావాలి. అదే రోజు, దాని పక్కనే, చుట్టూ గీతలు గీసి బాక్సు కట్టి వెయ్యాలి. ఒక్క లైను తగ్గినా పేజీ వెనక్కి పంపేవారు. ఆఫీసులో కుర్రాళ్లు ఆయన్ని చాటుగా 'టైలరుగారు' అనేవాళ్లట. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే, అదేదో బిరుదైనట్టు.

నాకు ఆ స్కేలంటే మంట. మా అత్తగారు ఉన్న రోజుల్లో నేనూ ఆవిడా ఎన్నిసార్లు మాటా మాటా అనుకున్నామో అన్నిసార్లూ ఈయన ఇద్దరి మాటా శ్రద్ధగా విని, ఇద్దరికీ సమానంగా తలూపి, పేపరు పట్టుకుని వసారాలోకి వెళ్లిపోయేవారు. అలాంటి మనిషితో కాపురం చేసిన ఆడవాళ్లకి నా బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

నేను చెప్పబోయేది ఆ ఏటి వానాకాలం సంగతి. అమీర్‌పేటలో తలెత్తి చూస్తే ఆకాశం బదులు కంప్యూటర్ కోర్సుల బోర్డులు కనిపించే రోజులు. మైత్రీవనం ముందు నుంచి కూరలకి వెళ్లి రావాలంటే చేతిలో నాలుగు కరపత్రాలు పడకుండా కుదిరేది కాదు. మా తమ్ముడు హనుమత్ప్రసాద్ ఆ కోర్సుల కోసమే తణుకు నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. రెండు కోర్సులు చేశాడు, ఉద్యోగం రాలేదు. చివరికి హాస్టళ్ల పిల్లలకి సినిమా సీడీలు అద్దెకిచ్చే 'పాలపుంత వీడియోస్'లో కౌంటరు మీద చేరాడు. ఆ పాలపుంత ఓనరు కామరాజు చూస్తుండగానే ఊరంతా షాపులు తెరిచేశాడు. మావాడు పంజగుట్ట షాపుకి మేనేజరయ్యాడు.

అమ్మ పోయాక వాడు ప్రతి వేసవి సెలవులూ నా దగ్గరే గడిపాడు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో నవ్వు వినపడిందంటే అది వాడిదే. జేబుకి మేనేజరు బ్యాడ్జి పెట్టుకుని మొదటి రోజు బయల్దేరుతుంటే వెనక్కి పిలిచి ఉప్పుతో దిష్టి తీశాను. "షాపులో అమ్మాయిలు కూడా ఇంత దిష్టి పెట్టరక్కా" అని నవ్వాడు గానీ, తీసినంతసేపూ కదలకుండా నిలబడ్డాడు.

ఆ షాపు ఒక అపార్ట్‌మెంటు సెల్లార్లో ఉండేది. అసలు అది కార్లు పెట్టుకోవాల్సిన చోటు. రోడ్డు మీంచి వాలుగా లోపలికి దిగాలి. వెనక ఒక మూల పైకి వెళ్లే ఇరుకు మెట్లు. వెనక గోడకి అవతల నాలా, మురుగునీళ్ల కాలువ. పైన పలకలు కప్పి ఉండటంతో అక్కడ నాలా ఉందని తెలిసినవాళ్లకి తప్ప తెలియదు.

ఆ గోడ సంగతి నాకు ముందు తెలిసింది వాడి చొక్కాల వల్ల. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక, ఉతకడానికి తీసిన చొక్కాలు కొత్త వాసన వేయడం మొదలుపెట్టాయి. చెమట కాదు. ఏళ్ల తరబడి మూసిపెట్టిన ట్రంకుపెట్టె తెరిస్తే వచ్చే వాసన. వాన పడిన మర్నాడు ఎక్కువ, ఎండ కాసిన రోజు తక్కువ. రెండు నీళ్లలో జాడించినా పోయేది కాదు.

ఆయనకి చెప్పాను. "వాసన వార్త కాదు ఛాయా" అన్నారు.

ఒక ఆదివారం పొద్దున్న శ్రవణ్ మా ఇంటికి వచ్చాడు. మా ఆయన కింద పనిచేసే రిపోర్టరు. సిరిసిల్లలో మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్లాడు, మాట సూటి. ప్రసాద్ అప్పుడు ఉప్మా తింటున్నాడు. వాణ్ణి చూసి శ్రవణ్ గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు.

"మీ బామ్మర్ది ముంగటనే చెప్తా సార్, చాటుమాటు ఎందుకు" అన్నాడు. "గా పంజగుట్ట పాలపుంత సెల్లార్ల వెనక గోడ కారుతుందట. పైన ఫ్లాట్ల ఉండే రుద్రమ్మ మేడం కంప్లైంట్ ఇచ్చింది. నేను సుత పోయి చూసిన. ర్యాకుల వెనక ఇంతెత్తు మరక ఉంది." చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించాడు. "మస్తు వాన పడ్డదనుకో, గా గోడ ఆగది సార్."

"నువ్వు నీళ్లు చూశావా, మరక చూశావా?" అన్నారు మా ఆయన.

"మరక."

"అయితే మరక అనే రాయి."

ప్రసాద్ ప్లేటు పక్కన పెట్టేశాడు. "అది ఏసీ నీళ్ల మరక బావగారూ. రుద్రమ్మగారికి కావాల్సింది గోడ కాదు, కారు పెట్టుకునే చోటు. ఆవిడ కారు ఎండలో మాడుతోందని మా మీద పడి ఏడుస్తోంది. ఆవిడ మొదట దేని గురించి మాట్లాడిందో శ్రవణ్‌నే చెప్పమనండి."

"కారు గురించే మాట్లాడింది" అని ఒప్పుకున్నాడు శ్రవణ్. "అయితేంది అన్నా? కారు కోసం చెప్పినా గోడ గోడనే గద."

మా ఆయన ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. రెండు వైపులా పస ఉన్న గొడవ దొరికితే ఆయన మొహం పండగలా వెలిగిపోతుంది. కానీ ఈసారి వెలగలేదు. ప్రసాద్ ప్లేటులో మిగిలిన ఉప్మా చల్లారిపోతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఎడిటరు దగ్గరికి వెళ్లి, ఇందులో మా బావమరిది ఉన్నాడు కాబట్టి ఈ వార్త నేను ముట్టుకోకూడదు అన్నారట. "నువ్వు చూస్తేనే ఎవరూ వేలెత్తి చూపరయ్యా" అని ఎడిటరు నవ్వేశాడట. ఆ మెప్పు మా ఆయనకి నచ్చింది, కాదనను.

ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అది మావాడు కూర్చునే చోటండీ. ముందు గోడ సంగతి తేల్చండి, పొడుగులు తర్వాత కొలుచుకోవచ్చు."

"తేల్చడానికి మునిసిపాలిటీ ఇంజనీర్లున్నారు. నేను రెండు మాటలూ జనం ముందు పెడతాను. నా పని అంతే."

"జనం సెల్లార్లో కూర్చోరు. వాడు కూర్చుంటాడు."

ఆయన చెప్పులు వేసుకుని, నన్ను తప్పించుకుని మెట్లు దిగారు. నాకు అరవాలనిపించింది. ఎదురింటి తలుపు తీసి ఉండటంతో ఊరుకున్నాను.

వార్త రాకముందే కామరాజు మా ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని గొంతు. స్వీట్ల పెట్టె తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. మా ఆయన దాన్ని రెండు చేతులతో తీసి మళ్లీ అతని ఒళ్లోనే పెట్టారు. కామరాజు నొచ్చుకోలేదు. ఆ పెట్టెని పిల్లిపిల్లని నిమిరినట్టు నిమురుతూ మాట్లాడాడు.

"రాయండి జోగారావుగారూ, రాయొద్దని నేనెందుకంటాను? ప్రతి శుక్రవారం మీ పేపర్లో మా ప్రకటన వస్తుంది, అయినా నేను ఆ మాట ఎత్తను. మా మాట కూడా వెయ్యండి, చాలు. మీరు కొలిచి వేస్తారని విన్నాను. అంతకంటే మాకేం కావాలి?"

"తప్పకుండా వేస్తాం" అన్నారు మా ఆయన.

"మా తరఫున ప్రసాదే మాట్లాడతాడు. రోజూ అక్కడ కూర్చునేది అతనే కదా. ఫొటో కూడా వెయ్యండి. మొహం కనిపిస్తే జనానికి నమ్మకం."

వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగాడు. "మీ తమ్ముడు మా ఇంటి మనిషేనమ్మా, మీరేం దిగులు పెట్టుకోకండి" అన్నాడు. నేను దిగులు పడుతున్నానని అతనికి ఎవరు చెప్పారు? అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని చూసి నాకు భయమేసింది. అతను వెళ్లాక తలుపు గడియ వేసి, సరిగ్గా పడిందో లేదో మళ్లీ చూసుకున్నాను.

ప్రసాద్ అప్పటికప్పుడు చెప్పేస్తానన్నాడు, "రాసుకోండి బావగారూ" అని. మా ఆయన ఒప్పుకోలేదు. ఇంట్లో ఎవరి మాటా రాసుకోకూడదని ఆయనకో నియమం. శ్రవణ్ షాపుకి వెళ్లి రాసుకుని వచ్చాడు.

వార్త వచ్చింది. ఎడమ పక్క 'సెల్లార్లో ప్రమాదం పొంచి ఉందా?' అని. కుడి పక్క బాక్సులో 'ఆరోపణలు నిరాధారం' అని. బాక్సులో మావాడి ఫొటో, బ్యాడ్జితో సహా. "ఎంత వానొచ్చినా నేనిక్కడే కూర్చుంటాను, అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు" అని వాడి మాట పెద్దక్షరాల్లో. అది వాడన్న మాటే. ఉత్సాహం వస్తే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడటం మా పుట్టింటి వాళ్లందరికీ ఉన్న జబ్బు.

మా ఆయన స్కేలు పెట్టి నాకు చూపించారు. రెండూ సమానం. తృప్తిగా ఇంకో కాఫీ అడిగారు. ఇవ్వలేదు.

ఆషాఢం చివర్లో ఒక మధ్యాహ్నం ప్రసాద్ క్యారియర్ మరిచిపోయి వెళ్తే, అది పట్టుకుని ఆటోలో పంజగుట్ట వెళ్లాను. వాలు సగం దిగేసరికే ఆ చొక్కాల వాసన ముక్కుకి తగిలింది. బయట ఎండ పేలిపోతోంది, లోపల గచ్చు తడిగా ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా మా ఆయన బాక్సు ఫ్రేము కట్టి వేలాడుతోంది. బాక్సు మాత్రమే. చుట్టూ ఉన్న గీతల వెంబడి కత్తిరించి, లామినేషన్ చేయించి, పైన 'పత్రికలో మన షాపు' అని రంగు అక్షరాలు అంటించారు. ఎడమ పక్కన ఉండాల్సిన రుద్రమ్మ లేదు, మరక లేదు, ప్రశ్న లేదు. ఎంత నీటుగా తెగిందంటే, పేపరువాళ్లు వేసిందే అంత అని ఎవరైనా అనుకుంటారు.

"అన్ని షాపుల్లోనూ పెట్టారక్కా" అన్నాడు ప్రసాద్. "కామరాజుగారు స్వయంగా కూర్చుని కత్తిరించారు."

"ఆ గోడేదీ?"

వాడు నన్ను ర్యాకుల వెనక్కి తీసుకెళ్లాడు. గోడ సగం దాకా పెద్ద సినిమా పోస్టరు అంటించి ఉంది. హీరో మోకాళ్ల దగ్గర కాగితం ఉబ్బింది. వేలితో నొక్కి చూశాను. మెత్తగా లోపలికి పోయింది. ఏసీ అయితే అవతలి గోడకి ఉంది. వేలు కొంగుకి తుడుచుకుని, "ప్రసాదూ, వేరే షాపుకి మార్చమని అడుగు" అన్నాను.

"ఇప్పుడెలా మారతానక్కా? ఎంత వానొచ్చినా కూర్చుంటానని ఫొటో వేయించుకున్నవాడు చినుకులకే పారిపోయాడంటారు." వాడి నవ్వు ఈసారి పూర్తిగా రాలేదు. "నేనడిగాను కూడా. కామరాజుగారు అదే అన్నారు."

పైకి వస్తుంటే వాలు మీద రుద్రమ్మగారు ఎదురైంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు. నేనెవరో తెలుసుకుని, బళ్లో పిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టింది. "మీ ఆయన న్యాయం చూశావా? నా మాటలు పకోడీల పొట్లాలకి పోయాయి. వాళ్ల మాటలు గోడెక్కాయి" అంది.

మర్నాడు పొద్దున్న ఈ సంగతి చెబుతుంటే శ్రవణ్ కూడా ఉన్నాడు. మా ఆయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మీరు స్కేలు వెట్టి గీత గీసిండ్రు సార్" అన్నాడు శ్రవణ్. "వాళ్లు గీత మీద కత్తెర వెట్టిండ్రు."

"సగమే చూపిస్తున్నారని ఇంకో వార్త రాద్దాం."

"రాస్తే దానికి సుత వాళ్ల వివరణ వెయ్యాలె గద. దాన్ని సుత కత్తిరిస్తరు."

మా ఆయన కామరాజుకి ఫోన్ చేశారు. ఆ ఫ్రేములు తీయించండి అని అడిగారు. అవతల మెత్తని గొంతు నాకూ వినపడుతోంది. "మీరు వేసిందే కదండీ పెట్టాం. ఒక్క అక్షరం మార్చామా?" మా ఆయన ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. "మార్చలేదు. నిజమే" అన్నారు. నాకు ఆయన మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. జాలి పడుతున్నందుకు నా మీద నాకు చిరాకేసింది.

శ్రావణంలో ఆ శనివారం మధ్యాహ్నం మొదలైంది వాన. మొదట మామూలుగానే పడింది. తర్వాత ఎదురింటి కిటికీలు కనపడటం మానేశాయి. మా వసారాలోంచి చూస్తే వీధి నిండా ఎర్రనీళ్లు. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద విడిచిన పిల్లల చెప్పులు గుంపులు గుంపులుగా కొట్టుకుపోతున్నాయి. ఒక ఆటో ముక్కు నీళ్లలో ముంచి ఆగిపోయింది. డ్రైవరు పైకెక్కి కూర్చున్నాడు.

షాపుకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"జనాన్ని పంపేశానక్కా. కౌంటరు వాళ్లని కూడా మెట్ల మీంచి పైకి పొమ్మన్నాను."

"నువ్వేం చేస్తున్నావక్కడ?"

"కామరాజుగారు ఇప్పుడే ఫోన్ చేశారు. షాపు మూయొద్దన్నారు. రుద్రమ్మగారు పైన కెమెరా పట్టుకుని కూర్చుందట. మూసిన షట్టరు ఫొటో రేపు పేపర్లో పడితే అన్ని షాపుల పరువూ పోతుందన్నారు. కొత్త సీడీలు పై అరల్లోకి ఎక్కించి, లైట్లు వేసి కూర్చోమన్నారు."

"నీళ్లు వచ్చాయా?"

"చీలమండల దాకా. వాలు మీంచి వస్తున్నాయి."

"గోడో?"

ఫోన్లో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. "పోస్టరు ఊడిపోయిందక్కా" అన్నాడు.

"నా మీద ఒట్టు ప్రసాదూ. ఫోన్ పెట్టేసి పైకెక్కు."

"ఈ ఒక్క ర్యాకు అవగానే వచ్చేస్తాను. పకోడీలు వేసి ఉంచు."

నేను శనగపిండి కలిపాను. ఉల్లిపాయలు తరిగాను. నూనె కాగుతుండగా కరెంటు పోయింది.

చీకటి పడకముందే శ్రవణ్ వచ్చాడు. నడుము దాకా బురద. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "సార్ ఆడనే ఉన్నడు మేడం. మీరు జర కూసోండ్రి" అన్నాడు. ఆ పిల్లాడు నన్ను కూర్చోమనగానే నాకు అర్థమైంది.

గోడ మొత్తం ఒక్కసారే పడిందట. మెట్ల వైపుకి తిరగడానికి కూడా వాడికి వ్యవధి లేదట.

ఆ తర్వాత జరిగినవన్నీ నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. ఇంటి నిండా తడి గొడుగులు. తణుకు నుంచి వచ్చిన చిన్నాన్న ఏడుపు. రుద్రమ్మగారు వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. "నా కారు కోసమే గొడవ పెట్టుకున్నానమ్మా. గోడ అంటే పేపరువాళ్లు వింటారని గోడ పేరెత్తాను. అది పడుతుందని నేనూ అనుకోలేదు."

"ఆ రోజు మీరు కెమెరా పట్టుకుని..."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నాకు కెమెరా లేదమ్మా. ఎప్పుడూ లేదు" అంది.

మర్నాడు శ్రవణ్ ఫ్యాక్సు కాగితం పట్టుకుని వచ్చాడు. వార్త తను రాశాడు. ఇది పాలపుంత వాళ్ల వివరణ. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. శ్రవణ్ చదివాడు. "భారీ వర్షం దృష్ట్యా షాపు మూసి వెంటనే పైకి వెళ్లాలని మేనేజరును ఫోన్లో ఆదేశించాం. ఆయన సొంత నిర్ణయంతో ఉండిపోయారు. అంకితభావం గల ఉద్యోగిని కోల్పోయినందుకు చింతిస్తున్నాం."

"అబద్ధం" అన్నాను. లేచి నిలబడ్డాను. "మూయొద్దన్నాడు. వాడు నాతో చెప్పాడు. వాడి నోటితో చెప్పాడు."

ఆ ఫోన్ సంగతి ఆ క్షణం దాకా ఎవరూ నన్ను అడగలేదు. అందరూ మంచినీళ్లు తాగమన్నారు, కాస్త పడుకోమన్నారు. వాడు ఆఖరిసారి ఏమన్నాడని ఒక్కరూ అడగలేదు.

"గిది వెయ్యాలె సార్" అన్నాడు శ్రవణ్.

మా ఆయన తల అడ్డంగా ఊపారు. "ఆ మాట విన్నది ఛాయ ఒక్కతే. పేజీ చూసేవాడి భార్య. చనిపోయినవాడి అక్క. ఇంటి మనుషుల మాట వేసుకున్నాడంటారు. మొత్తం వార్తే పక్షపాతం అంటారు."

"అననీయండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఊళ్లో ప్రతివాడి దగ్గరికీ వెళ్లి నీ మాటేంటి అని అడిగారు. ఆ కామరాజుని మన సోఫాలో కూర్చోబెట్టి అడిగారు. నన్నొక్కసారి అడిగారా? వాసన వస్తోందన్నాను. గోడ మెత్తగా ఉందన్నాను. నేను ఏ వైపు లెక్కలోకీ రానా? మీ స్కేలు మీద నాకు ఒక్క గీత కూడా లేదా?"

ఆయన లేచి లోపలికి వెళ్లారు. వెళ్లిపోయారనే అనుకున్నాను, అలవాటే కదా. తెల్లకాగితాలు, పెన్ను పట్టుకుని బయటికి వచ్చారు. నా ఎదురుగా చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు.

"మీ పేరు?" అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు. "ఛాయాదేవి" అన్నాను.

"మృతుడు మీకేమవుతారు?"

"తమ్ముడు."

"ఫోన్లో ఆయన ఏమన్నారో ఆయన మాటల్లోనే చెప్పండి. మీవి కలపకండి."

చెప్పాను. మొదటి నుంచి, ఒక్కొక్క మాటా. ఆయన ఆపకుండా రాసుకున్నారు. పోస్టరు ఊడిపోయిందన్న దగ్గర పెన్ను ఒకసారి ఆగింది. చివరికి వచ్చేసరికి, "పకోడీలు వేసి ఉంచమన్నాడు. అది కూడా రాయాలా?" అన్నాను.

"రాస్తాను" అన్నారు.

ఇంట్లో మైల ఉండగా ఆఫీసుకేంటని చిన్నాన్న కేకలేస్తున్నా వినకుండా ఆ సాయంత్రమే వెళ్లారు. స్కేలు మాత్రం బల్ల మీదే వదిలేశారు. తలుపు దగ్గరికి వెళ్లి నేను కేకేశాను, మరిచిపోయారేమోనని. వెనక్కి తిరిగి చూసి, తలూపి, వెళ్లిపోయారు.

పొద్దున్న పేపరు వచ్చింది. సిటీ పేజీలో బాక్సు లేదు. ఎడమ పక్క, కుడి పక్క అనేవి లేవు. ఒకటే వార్త, పై నుంచి కింది దాకా ఒకటే కాలమ్. మూయొద్దన్నారని నా మాట. ఆ వాక్యం ముగిసిన చోటే, అదే పేరాలో, మూయమన్నామని కామరాజు మాట. వెంటనే మళ్లీ నేను. శ్రవణ్ చూసిన మరక, ఏసీ నీళ్లన్న మావాడి పాత వివరణ, రుద్రమ్మగారి కారు, ఆవిడకి లేని కెమెరా, అన్నీ ఒకదాని వెనక ఒకటి. నా పేరు పక్కన 'ఈమె ఈ పేజీ ఇన్‌ఛార్జి భార్య' అని కూడా రాసి ఉంది. కామరాజు పంపినదాంట్లో ఒక్క ముక్క వదల్లేదు, నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క వదల్లేదు. మధ్యలో మావాడి ఫొటో. చుట్టూ గీత లేకుండా, అక్షరాలు దాని అంచుల దాకా వచ్చి ఆనుకున్నాయి.

ఆ శుక్రవారం నుంచి పాలపుంత ప్రకటన ఆగిపోయింది. నెల తిరక్కుండా మా ఆయన్ని ఆదివారం అనుబంధంలో గళ్లనుడికట్టు చూసే పనికి మార్చారు. ఎడిటరు ఈసారి నవ్వలేదట. పోలీసులు వచ్చి నా మాట రాసుకుని వెళ్లారు. కామరాజు మాటా రాసుకున్నారు. కేసు అలా నడుస్తూనే ఉంది.

అమీర్‌పేట పాలపుంత షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అద్దం తలుపులోంచి చూసేదాన్ని. మావాడు పోయాక కూడా కొన్నాళ్లు ఆ పాత ఫ్రేము అలాగే ఉంది. ఎంత వానొచ్చినా నేనిక్కడే కూర్చుంటానని నవ్వుతూ. ఎవరికీ తీయాలని తోచలేదు కాబోలు. ఒకరోజు చూస్తే మేకు మాత్రం మిగిలింది. దాని చోట కొత్తది మాత్రం పెట్టలేదు. వాళ్లకి కావాల్సిన ముక్క ఆ కొత్త వార్తలోంచి ఊడిరాదు.

దసరా ముందు ఇల్లు దులుపుతూ ఆ పేపరు పైకి తీశాను. ప్రసాద్ ఫొటో, వాడి ఆఖరి మాటలు కత్తిరించి దాచుకుందామని కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఫొటోకి ఈ పక్క కామరాజు. ఆ పక్క కామరాజు. పకోడీలు వేసి ఉంచమన్న మాట సగం ఒక లైన్లో ఉంది, సగం కింది లైన్లో ఉంది, ఆ లైన్లోనే 'షాపు మూయమని ఆదేశించాం' మొదలవుతోంది. కత్తెర ఎక్కడ పెట్టినా అయితే వాడి భుజం తెగుతుంది, లేకపోతే వాడి మాట తెగుతుంది.

ఏడుపు ముంచుకొచ్చింది. "నాక్కూడా మిగల్చలేదు కదండీ వాణ్ణి" అన్నాను.

ఆయన గళ్ల కాగితం పక్కన పెట్టి వచ్చి, నా చేతిలోంచి కత్తెర తీసుకున్నారు. "మొత్తం దాచుకో ఛాయా" అన్నారు.

పేపరంతా మడిచి బీరువాలో వాడి చొక్కాల మధ్య పెట్టాను. ఆ చొక్కాలు నేను మళ్లీ ఉతకలేదు.